బయటి స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ సాయం తగ్గుతుందా? ఏ కాలేజీ ఏం చేస్తుంది, ఎవరికి ఏది మేలు

స్కాలర్‌షిప్ వచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషపడతారు. కొన్నాళ్లకు కాలేజీ పోర్టల్‌లో ‘రివైజ్డ్ అవార్డ్’ అని కొత్త లెటర్ కనబడుతుంది. అందులో ఊళ్లోని క్లబ్ ఇచ్చిన 5,000 డాలర్లు ఒక వరుసలో చేరి ఉంటాయి. నాలుగు వరుసల కింద కాలేజీ గ్రాంట్ సరిగ్గా 5,000 తగ్గి ఉంటుంది. మీరు కట్టాల్సిన మొత్తం ఒక్క సెంటు కూడా మారదు. పిల్ల రాత్రిళ్లు కూర్చుని రాసిన వ్యాసాలు, టీచర్ల చుట్టూ తిరిగి తెచ్చుకున్న సిఫారసు లెటర్లు, ఇంటర్వ్యూ టెన్షన్, అదంతా చివరికి కాలేజీ ఖజానాకే మిగులుతుంది.

అమెరికాలో దీన్ని ‘స్కాలర్‌షిప్ డిస్‌ప్లేస్‌మెంట్’ అంటారు. ఇది అన్ని కాలేజీల్లోనూ ఒకేలా జరగదు. ఒక కాలేజీలో ఆ 5,000 నేరుగా మీ బిల్లులోంచి తగ్గుతుంది. ఇంకో కాలేజీలో పిల్లల లోన్ తగ్గుతుంది. మరోచోట మీ భారం ఏమీ తగ్గదు. అందుకే స్కాలర్‌షిప్ ఎంత వచ్చిందన్న దానికన్నా, అది వచ్చినప్పుడు కాలేజీ ముందు దేన్ని కోస్తుందన్నదే అసలు చూడాల్సింది. ఎక్కడ చేరాలో తేల్చుకోలేకపోతున్న కుటుంబాలు గ్రాంట్ అంకెలతో పాటు ఈ ఒక్క విషయం కూడా పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇది ముఖ్యంగా అమెరికాలో అండర్‌గ్రాడ్‌కు వెళ్తున్న, సిటిజన్ లేదా గ్రీన్‌కార్డ్ ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. తల్లిదండ్రుల హెచ్-1బీ ఉద్యోగ వీసాతో వచ్చే హెచ్-4 మీద ఉన్న పిల్లలకు, ఇండియా నుంచి ఎఫ్-1 మీద వచ్చేవాళ్లకు లెక్క వేరు. వాళ్ల సంగతి తర్వాత చెప్తాను.

## లెక్క ఎలా నడుస్తుంది

ట్యూషన్, ఫీజులు, డార్మ్, తిండి, పుస్తకాలు, రాకపోకలు అన్నీ కలిపి కాలేజీ ఏడాదికి ఒక అంకె వేస్తుంది. అది కాస్ట్ ఆఫ్ అటెండెన్స్, పొట్టిగా సీఓఏ. ఫెడరల్ సాయం కోసం పెట్టే దరఖాస్తు ఫాఫ్సా నింపాక, మీ ఆదాయం, ఆస్తులను బట్టి మీరు ఎంత కట్టగలరో చెప్పే ఇంకో అంకె వస్తుంది. అది స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్, అంటే ఎస్ఏఐ. 2024-25 విద్యా సంవత్సరానికి ముందు దీని స్థానంలో ఈఎఫ్‌సీ ఉండేది. పెద్ద పిల్లలను ముందే కాలేజీకి పంపినవాళ్లకు ఆ పేరే గుర్తుంటుంది. సీఓఏలోంచి ఎస్ఏఐ తీసేస్తే మిగిలేది మీ ‘నీడ్’.

ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన హద్దులు రెండే. సబ్సిడైజ్డ్ లోన్ (చదువుకునే రోజుల్లో ప్రభుత్వమే వడ్డీ కట్టే అప్పు), వర్క్-స్టడీ (క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకునే అవకాశం) లాంటి నీడ్ చూసి ఇచ్చే సాయం, మిగతా సాయాలతో కలిపి, నీడ్‌ను దాటకూడదు. అన్ని రకాల సాయం కలిపి సీఓఏను దాటకూడదు. బయటి స్కాలర్‌షిప్‌ను ఈ రెండు లెక్కల్లోనూ కలపాల్సిందే. ‘చూసీ చూడనట్టు వదిలేయండి’ అని అడిగితే కాలేజీ ఒప్పుకోదు, ఒప్పుకోలేదు కూడా.

కానీ హద్దు దాటనంత వరకు ఏదీ కోయాల్సిన పని లేదు. దాటినా, ముందు దేన్ని కోయాలన్నది చాలావరకు కాలేజీ ఇష్టమే. ఎయిడ్ ఆఫీసు ఫోన్‌లో ‘ఫెడరల్ రూల్ అండీ, మా చేతుల్లో లేదు’ అంటే అది సగమే నిజం. రూల్ పెట్టేది హద్దు మాత్రమే. ఆ హద్దుకు లోపల గ్రాంట్ కోస్తే అది ఆ కాలేజీ సొంత నిర్ణయం.

పెల్ గ్రాంట్ సంగతి వేరు. 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్లు ఇచ్చే ఈ ఫెడరల్ గ్రాంట్‌ను బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని తగ్గించరు. 2026 జులై 1 నుంచి ఈ విషయంలో ఒక మార్పు. ఫెడరల్ కాని గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు కలిపి సీఓఏ మొత్తాన్ని అందుకుంటే ఇక పెల్ రాదు. పూర్తి స్కాలర్‌షిప్ వచ్చిన కొద్దిమందికి తప్ప ఇది ఎవరికీ తగలదు.

## దేన్ని బట్టి పోల్చాలి

బయటి డబ్బు వస్తే కాలేజీ ముందు దేన్ని తగ్గిస్తుంది? గ్రాంటా, లోనా, క్యాంపస్ పనా?

మొదటి ప్యాకేజీలో గ్యాప్ ఉందా? అంటే నీడ్‌లో కాలేజీ తీర్చకుండా వదిలేసిన భాగం. ఉంటే బయటి డబ్బును ముందు అందులో వేస్తారా?

తగ్గేది ఎవరి భారం? పిల్లల లోన్, పని తగ్గడం వేరు, తల్లిదండ్రులు ఇప్పుడు కట్టే నగదు తగ్గడం వేరు. రెండూ మంచివే కానీ ఆగస్టులో వచ్చే కాలేజీ బిల్లు దగ్గర రెండూ ఒకటి కావు.

రెండో ఏడాది ఏమవుతుంది? చాలా బయటి స్కాలర్‌షిప్‌లు ఒక్కసారికే వస్తాయి. నేషనల్ మెరిట్ వాళ్లిచ్చే 2,500 డాలర్ల అవార్డూ అంతే. మొదటి ఏడాది తగ్గించిన గ్రాంట్ రెండో ఏడాది తిరిగొస్తుందా అన్నది చాలామందికి అడగాలని కూడా తోచదు.

## ఒకే పిల్ల, ఒకే స్కాలర్‌షిప్, మూడు కాలేజీలు

సీఓఏ 60,000 డాలర్లు అనుకుందాం. ఎస్ఏఐ 15,000. అంటే నీడ్ 45,000. కాలేజీ గ్రాంట్ 32,000, సబ్సిడైజ్డ్ లోన్ 3,500 (మొదటి ఏడాదికి గరిష్ఠం అంతే), వర్క్-స్టడీ 2,500 ఇచ్చింది. మొత్తం 38,000. ఇంకా 7,000 గ్యాప్ ఉంది. ఇంటి నుంచి కట్టాల్సింది ఎస్ఏఐ 15,000, గ్యాప్ 7,000 కలిపి 22,000.

ఇప్పుడు 6,000 డాలర్ల బయటి స్కాలర్‌షిప్ వచ్చింది.

| | స్కాలర్‌షిప్‌కు ముందు | గ్యాప్ నింపే కాలేజీ | లోన్, పని తీసేసే కాలేజీ | గ్రాంట్ కోసే కాలేజీ |
|---|---|---|---|---|
| కాలేజీ గ్రాంట్ | 32,000 | 32,000 | 32,000 | 26,000 |
| బయటి స్కాలర్‌షిప్ | 0 | 6,000 | 6,000 | 6,000 |
| సబ్సిడైజ్డ్ లోన్ | 3,500 | 3,500 | 0 | 3,500 |
| వర్క్-స్టడీ | 2,500 | 2,500 | 0 | 2,500 |
| ఇంటి నుంచి కట్టేది | 22,000 | 16,000 | 22,000 | 22,000 |
| ఉచిత సాయం పోగా అసలు ఖర్చు | 28,000 | 22,000 | 22,000 | 28,000 |

చివరి వరుస చూడండి. మొదటి రెండు కాలేజీల్లో అసలు ఖర్చు ఒక్కటే, 22,000. ఒకచోట మీరు ఇప్పుడు 6,000 తక్కువ కడతారు. రెండోచోట ఇప్పుడు కట్టేది మారదు కానీ పిల్ల మీద 3,500 అప్పు ఉండదు, క్యాంపస్‌లో పని చేయాల్సిన బలవంతం ఉండదు. మూడో కాలేజీలో 6,000 డాలర్లూ కాలేజీకే పోయాయి.

ఇంకొకటి కూడా గమనించండి. 38,000కు 6,000 కలిపితే 44,000. నీడ్ 45,000. హద్దు దాటలేదు. అంటే మూడో కాలేజీ గ్రాంట్ కోసింది ఫెడరల్ రూల్ వల్ల కాదు, తన పాలసీ వల్ల. స్కాలర్‌షిప్ 10,000 వచ్చి ఉంటే మొత్తం 48,000 అయ్యేది, నీడ్ కన్నా 3,000 ఎక్కువ. అప్పుడు ఏ కాలేజీ అయినా ఏదో ఒకటి తగ్గించి తీరాలి. పద్ధతి తెలిసిన కాలేజీ ఆ 3,000ను సబ్సిడైజ్డ్ లోన్‌లోంచి తీసేస్తుంది, గ్రాంట్ జోలికి పోదు.

## గ్యాప్ ముందు నింపే కాలేజీ

చాలా స్టేట్ యూనివర్సిటీలు నీడ్ మొత్తాన్ని తీర్చవు, గ్యాప్ వదిలేస్తాయి. మామూలుగా అది వాటి లోపం. బయటి స్కాలర్‌షిప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే మీకు కలిసొస్తుంది. గ్యాప్ ఉన్నంత వరకు వచ్చిన డబ్బంతా అందులోకే పోతుంది, ఏదీ తగ్గించాల్సిన అవసరం రాదు.

నా లెక్కలో మధ్యతరగతి కుటుంబానికి అన్నిటికన్నా మంచి పాలసీ ఇదే. ఎందుకంటే ఎంచుకునే వీలు మీ చేతిలోనే ఉంటుంది. నగదుకు ఇబ్బంది ఉంటే 6,000ను ఇప్పుడు వాడుకోవచ్చు. ఇబ్బంది లేకపోతే పిల్ల లోన్ వద్దని చెప్పేస్తే రెండో కాలేజీలో వచ్చే ఫలితమే ఇక్కడా వస్తుంది. రెండో కాలేజీలో ఆ నిర్ణయం మీ బదులు కాలేజీయే తీసుకుంటుంది.

గ్యాప్ నింపడం ఇకముందు ఇంకా కష్టం కాబోతోంది. 2026 జులైకి ముందు, తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే ఫెడరల్ లోన్ అయిన పేరెంట్ ప్లస్‌ను సీఓఏ మేరకు ఎంతైనా తీసుకునే వీలుండేది. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో పిల్లకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్ల పరిమితి. ఆపైన కావాలంటే ప్రైవేటు లోన్ తప్ప గతి లేదు. గ్యాప్‌లో పడే ప్రతి బయటి డాలరుకూ ఇప్పుడు విలువ పెరిగింది.

అయితే మొదటి ప్యాకేజీయే పలచగా ఉంటే ఈ పాలసీ చూసి మోసపోకండి. బయటి స్కాలర్‌షిప్‌ను ముట్టుకోని కాలేజీ 15,000 గ్యాప్ వదిలేసి, గ్రాంట్ కోసే కాలేజీ అసలు గ్యాపే లేకుండా ఇస్తే, చాలాసార్లు రెండోదే చవక. పైన పట్టికలోని చివరి వరుసను మీ సొంత అంకెలతో వేసుకుని చూడండి.

## లోన్, పని ముందు తీసేసే కాలేజీ

పిల్లలు అప్పు లేకుండా బయటపడాలని గట్టిగా అనుకునే కుటుంబానికి ఇది చక్కగా కుదురుతుంది. 2025-26లో అండర్‌గ్రాడ్ ఫెడరల్ లోన్ వడ్డీ 6.39 శాతం. మొదటి ఏడాది 3,500, రెండో ఏడాది 4,500, ఆ తర్వాత ఏడాదికి 5,500 చొప్పున సబ్సిడైజ్డ్ లోన్ గరిష్ఠాలు. అన్నీ తీసుకుంటే నాలుగేళ్లకు 19,000. బయటి స్కాలర్‌షిప్‌లతో అది తగ్గడం చిన్న విషయం కాదు.

చిక్కల్లా నగదు దగ్గరే. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉన్నా, ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయినా, లోన్ తగ్గిందని ఆగస్టు బిల్లు ఆగదు. అలాంటప్పుడు ఎయిడ్ ఆఫీసును ఇలా అడగొచ్చు: ‘సబ్సిడైజ్డ్ లోన్ ఉంచండి, ముందు వర్క్-స్టడీ తీసేయండి.’ వర్క్-స్టడీ అంటే చేతికిచ్చే డబ్బు కాదు, పని దొరికితే సంపాదించుకునే అవకాశం. పిల్ల క్యాంపస్‌లో పనే చేయకపోతే అది కాగితం మీది అంకే. చదువుకునే రోజుల్లో ప్రభుత్వమే వడ్డీ కట్టే సబ్సిడైజ్డ్ లోన్ దానికన్నా విలువైనది. ఈ వరుస మార్చమంటే చాలా ఆఫీసులు కాదనవు.

## గ్రాంట్ ముందు కోసే కాలేజీ

దీన్ని సమర్థించడం నాకు కష్టం. కాలేజీలు చెప్పే కారణం ఒకటుంది: ఒకరికి తగ్గించిన గ్రాంట్ ఇంకో పేద విద్యార్థికి ఇస్తాం అని. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ దాత డబ్బిచ్చింది ఆ పిల్ల పేరు మీద, కాలేజీ పేరు మీద కాదు.

కొన్ని రాష్ట్రాలు దీన్ని అడ్డుకున్నాయి. మేరీల్యాండ్ 2017లో ముందుగా చట్టం చేసింది. అక్కడి ప్రభుత్వ కాలేజీలు బయటి స్కాలర్‌షిప్ పేరు చెప్పి తమ సాయాన్ని ఇష్టమొచ్చినట్టు తగ్గించడానికి లేదు. కాలిఫోర్నియాలో 2023-24 నుంచి అమల్లో ఉన్న చట్టం పెల్ గ్రాంట్‌కు అర్హులైనవాళ్లను, కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ (వలస పత్రాలు లేని విద్యార్థుల కోసం ఉన్న రాష్ట్ర చట్టం) సాయానికి అర్హులైనవాళ్లను కాపాడుతుంది. గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు కలిపి సీఓఏను దాటితే తప్ప వాళ్ల కాలేజీ గ్రాంట్ తగ్గించకూడదు. మన వాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోనూ ఈ రకం చట్టం ఉంది. మీ రాష్ట్రంలో ఉందో లేదో చూసుకుని, ఉంటే ఆ చట్టం పేరుతోనే ఎయిడ్ ఆఫీసుకు రాయండి.

చట్టం లేని చోట ఇలాంటి కాలేజీలో చేరాల్సి వస్తే, కొత్త స్కాలర్‌షిప్‌ల వెంట పడే సమయాన్ని వేసవిలో ఇంటర్న్‌షిప్‌కో, పార్ట్‌టైమ్ పనికో పెట్టడం మేలు. ఆ కష్టానికి వచ్చే డబ్బు మీ చేతిలోనే ఉంటుంది.

## నీడ్ మొత్తం తీర్చే పెద్ద ప్రైవేటు కాలేజీలు

హార్వర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల గ్యాప్ అనేదే ఉండదు. 2025-26 నుంచి ఈ రెండూ, ఆస్తులు మామూలుగా ఉంటే, ఏడాదికి 2,00,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ట్యూషన్ లేకుండా చేశాయి. మన ఐటీ కుటుంబాలు చాలావరకు ఆ గీత దగ్గరే ఉంటాయి కాబట్టి, ‘మాకేం వస్తుందిలే’ అని అప్లికేషనే పెట్టకుండా వదిలేయొద్దు.

ఇలాంటి కాలేజీల ప్యాకేజీలో సాధారణంగా మూడు ముక్కలు ఉంటాయి: తల్లిదండ్రుల వాటా, పిల్లల వాటా (వేసవి సంపాదన, క్యాంపస్ పని), మిగిలినదంతా కాలేజీ గ్రాంట్. బయటి స్కాలర్‌షిప్ వస్తే మామూలుగా ముందు పిల్లల వాటా తగ్గుతుంది, అది అయిపోయాక కాలేజీ గ్రాంట్ తగ్గుతుంది. తల్లిదండ్రుల వాటా కదలదు. ‘మా వాడికి 20,000 వచ్చింది, మేం కట్టేది అంత తగ్గుతుంది’ అని లెక్కలేసుకున్న ఇళ్లలో నిరాశ ఎదురయ్యేది ఇక్కడే.

ఇక్కడ పనికొచ్చే దారి ఒకటుంది. పిల్లల వాటా ఏడాదికి 5,000 అనుకోండి. 20,000 డాలర్ల అవార్డు (కోకా-కోలా స్కాలర్స్ ఇచ్చే మొత్తం అంతే) ఒకే ఏడాది జమ చేస్తే 5,000 మీకు, 15,000 కాలేజీకి. అదే డబ్బును ఏడాదికి 5,000 చొప్పున నాలుగేళ్లకు విడదీస్తే మొత్తం 20,000 పిల్లకే దక్కుతుంది. దాత ఒక్కడు ఒప్పుకుంటే చాలు. చెక్కు కాలేజీకి వెళ్లకముందే దాతకు ఈమెయిల్ పెట్టండి. వెళ్లిపోయాక వెనక్కి తెప్పించడం పెద్ద తలనొప్పి.

ఇంకోటి: సీఓఏ పెంచమని అడగండి. ల్యాప్‌టాప్, కాలేజీ హెల్త్ ఇన్సూరెన్స్, ఇంటికి వచ్చిపోయే విమానం టికెట్లు లాంటి నిజమైన ఖర్చులకు రసీదులు చూపిస్తే చాలా కాలేజీలు ఆ మేరకు సీఓఏ పెంచుతాయి. సీఓఏ పెరిగితే నీడ్ పెరుగుతుంది, బయటి డబ్బుకు చోటు దొరుకుతుంది.

## మెరిట్ మీద ఇచ్చే కాలేజీలు, నీడ్ లేని కుటుంబాలు

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్న ఇళ్లలో ఎస్ఏఐ చాలాసార్లు సీఓఏ కన్నా ఎక్కువే వస్తుంది. అంటే నీడ్ సున్నా. ఇలాంటి కుటుంబానికి డిస్‌ప్లేస్‌మెంట్ గొడవే దాదాపు లేదు. తగ్గించడానికి నీడ్ మీద ఇచ్చిన గ్రాంటే లేదు కదా. ఊళ్లోని స్కాలర్‌షిప్, కంపెనీ ఉద్యోగుల పిల్లలకు ఇచ్చేది, తెలుగు సంఘం ఇచ్చేది, ఏది వచ్చినా సీఓఏ దాటనంత వరకు నేరుగా బిల్లులోంచి తగ్గుతుంది. విచిత్రం ఏమిటంటే, బయటి స్కాలర్‌షిప్ నుంచి పూర్తి లాభం పొందేది చాలాసార్లు అంత అవసరం లేని కుటుంబమే. పేద పిల్లల పక్షాన చట్టాలు రావాలని అడిగేవాళ్ల వాదనకు బలం ఇక్కడే ఉంది.

చూసుకోవాల్సింది ఒకటే. కొన్ని కాలేజీలు తమ మెరిట్ స్కాలర్‌షిప్‌ను ట్యూషన్ వరకే పరిమితం చేస్తాయి. బయటి స్కాలర్‌షిప్ లెటర్‌లో కూడా ‘ట్యూషన్‌కు మాత్రమే’ అని ఉంటే రెండూ ఒకదాన్నొకటి ఢీకొంటాయి. దాతకు ముందే చెప్పి ‘ట్యూషన్, ఫీజులు, వసతి, భోజనం, పుస్తకాలకు వాడుకోవచ్చు’ అని రాయించుకుంటే ఆ ఇబ్బంది పోతుంది.

## తక్కువ ఆదాయం, పెల్ గ్రాంట్ వచ్చే పిల్లలు

పెల్ కదలదు, గ్యాప్ తరచూ ఉంటుంది, కాబట్టి కమ్యూనిటీ కాలేజీల్లోనూ స్టేట్ కాలేజీల్లోనూ బయటి డబ్బు చాలావరకు మిగులుతుంది. కాలేజీ ఖాతాలో ట్యూషన్ పోగా మిగిలినది ఇంటి అద్దెకు, బస్సు పాస్‌కు రీఫండ్‌గా పిల్ల చేతికే వస్తుంది. ఈ పిల్లలకు గేట్స్ స్కాలర్‌షిప్ లాంటివి ప్రత్యేకంగా మంచివి. మిగతా సాయం అంతా లెక్కేసి, తక్కువైనదాన్ని అది నింపుతుంది కాబట్టి వేరే సాయాన్ని పక్కకు నెట్టదు.

వీళ్లకు నా సలహా సూటిగా ఉంటుంది: పెద్ద ప్రైవేటు కాలేజీ ప్యాకేజీలో లోన్ లేకుండా ఉంటే, చిన్నచిన్న స్కాలర్‌షిప్‌ల కోసం డజన్ల కొద్దీ వ్యాసాలు రాయించకండి. పిల్లల వాటా తీరేంత వస్తే చాలు.

## హెచ్-4, ఎఫ్-1 పిల్లలు

హెచ్-4 మీద ఉన్న పిల్ల ఎన్నేళ్లు అమెరికాలో చదివినా ఫెడరల్ సాయం రాదు. పెల్ లేదు, ఫెడరల్ లోన్ లేదు, వర్క్-స్టడీ లేదు. గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఏళ్ల తరబడి నిలబడ్డ మన కుటుంబాలకు ఇది పెద్ద దెబ్బ. కొన్ని రాష్ట్రాలు ఇన్-స్టేట్ ట్యూషన్ ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. కాబట్టి వాళ్లు కాలేజీలను పోల్చేటప్పుడు ముందు ఇన్-స్టేట్ ట్యూషన్, తర్వాత కాలేజీ సొంత మెరిట్ సాయం, ఆ తర్వాతే బయటి స్కాలర్‌షిప్ పాలసీ చూడాలి. బయటి స్కాలర్‌షిప్‌లు కూడా చాలావాటికి సిటిజన్ లేదా గ్రీన్‌కార్డ్ అడుగుతాయి. అప్లికేషన్ మొదటి పేజీలోనే ఆ షరతు చదివి, లేనివాటికే సమయం పెట్టండి.

ఇండియా నుంచి ఎంఎస్‌కు వచ్చే ఎఫ్-1 విద్యార్థులకు అసిస్టెంట్‌షిప్, ట్యూషన్ వేవర్ సాధారణంగా నీడ్ చూసి ఇచ్చేవి కావు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద వచ్చే 20 లక్షల రూపాయల వరకు సాయం లాంటిది దాని పక్కన చేరినా, నీడ్ లెక్క లేదు కాబట్టి ఇక్కడ చెప్పిన కోత ఉండదు. పథకం సొంత షరతులు మాత్రం చదువుకోవాలి. ట్యూషన్, ఫీజులు, పుస్తకాలు కాకుండా వసతి, భోజనానికి పోయే స్కాలర్‌షిప్ భాగంపై ఎఫ్-1 వాళ్లకు యూనివర్సిటీ సాధారణంగా 14 శాతం ట్యాక్స్ ముందే పట్టుకుంటుంది.

## ట్యాక్స్, 529 ప్లాన్

ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకు కావాల్సిన పుస్తకాలకు వాడిన స్కాలర్‌షిప్‌కు ట్యాక్స్ లేదు. డార్మ్, మీల్ ప్లాన్‌కు వాడితే ఆ భాగం పిల్ల ఆదాయమే అవుతుంది.

జంటగా ట్యాక్స్ వేసేవాళ్ల ఆదాయం 1,60,000 డాలర్ల లోపుంటే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అనే ట్యాక్స్ తగ్గింపు కింద ఏడాదికి 2,500 డాలర్ల వరకు పూర్తిగా వస్తుంది. ఆ పైన తగ్గుతూ 1,80,000 దగ్గర ఆగిపోతుంది. దానికి స్కాలర్‌షిప్ కాకుండా వేరే డబ్బుతో కట్టిన 4,000 డాలర్ల అర్హమైన చదువు ఖర్చు చూపించాలి. స్కాలర్‌షిప్ అంతా ట్యూషన్‌లో కలిసిపోతే ఆ 4,000 చూపించడానికి ఉండదు. షరతులు ఒప్పుకుంటే కొంత స్కాలర్‌షిప్‌ను వసతికి కేటాయించి, పిల్ల మీద కొంచెం ట్యాక్స్ పడినా, మీరు ఆ క్రెడిట్ తీసుకోవడమే లాభం కావొచ్చు. ఇది మీ ట్యాక్స్ చూసే మనిషితో కూర్చుని లెక్కేయించుకోవాల్సిన విషయం.

పిల్లల చదువు కోసం ఉద్దేశించిన 529 ఖాతాలో పొదుపు చేసినవాళ్లు స్కాలర్‌షిప్ వచ్చినంత మేరకు డబ్బు వెనక్కి తీసుకుంటే 10 శాతం జరిమానా ఉండదు. లాభం మీద మామూలు ట్యాక్స్ మాత్రం ఉంటుంది.

## మే 1 లోపు అడగాల్సినవి

ఎయిడ్ లెటర్లు మార్చి, ఏప్రిల్‌లో వస్తాయి. ఊళ్లోని స్కాలర్‌షిప్‌ల ఫలితాలు చాలాసార్లు మేలో, జూన్‌లో. అంటే స్కాలర్‌షిప్ వచ్చేసరికి మే 1 గడువు దాటి, కాలేజీ ఎంపిక అయిపోయి ఉంటుంది. అందుకే వస్తుందో రాదో తెలియకముందే ప్రతి కాలేజీకి ఈ ప్రశ్నలు ఈమెయిల్‌లో పంపండి. పిల్ల పేరు మీద, విద్యార్థి ఐడీ పెట్టి పంపితే త్వరగా జవాబొస్తుంది.

- మా అమ్మాయికి 5,000 డాలర్ల బయటి స్కాలర్‌షిప్ వస్తే ప్యాకేజీలో ఏ వరుస ముందు తగ్గుతుంది? ఆ తర్వాత ఏది?
- గ్యాప్ ఉంటే ముందు అందులో వేస్తారా?
- దాత అనుమతిస్తే దాన్ని వచ్చే ఏడాదికో, నాలుగేళ్లకో విడదీయొచ్చా?
- ల్యాప్‌టాప్, ఇన్సూరెన్స్ ఖర్చులకు సీఓఏ పెంచుతారా?
- స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదిదే అయితే, తగ్గించిన గ్రాంట్ రెండో ఏడాది తిరిగి ఇస్తారా?

చివరి ప్రశ్నకు ‘సాధారణంగా చూస్తాం’ అని జవాబొస్తే సరిపోదు. ‘కుటుంబ ఆదాయం మారకపోతే గ్రాంట్ పాత స్థాయికి వస్తుందా, రాదా’ అని మళ్లీ రాయండి. ఫోన్‌లో చెప్పినదాన్ని కూడా ఆ రోజే ఈమెయిల్‌లో వాళ్లకు తిరిగి రాసి, సరేనని జవాబు తీసుకోండి. ఎయిడ్ ఆఫీసులో మనుషులు మారుతుంటారు, వచ్చే ఏడాది మీతో మాట్లాడేది ఇంకొకరు కావొచ్చు.

స్కాలర్‌షిప్ వచ్చాక దాన్ని కాలేజీకి చెప్పకుండా ఉండొద్దు. చెక్కు చాలాసార్లు నేరుగా కాలేజీకే వెళ్తుంది. సెమిస్టర్ మధ్యలో అది బయటపడి, అప్పటికే ఇచ్చిన సాయం హద్దు దాటిందని తేలితే, ఎక్కువైన డబ్బును డిసెంబరులో వెనక్కి కట్టమని బిల్లు వస్తుంది. ముందే చెప్పి, ఏది తగ్గించాలో మీరే రాసి పంపడం ఎంతో నయం.